కరీబా మీద నవల: 180 పేజీలు రాశాను, కథ మాత్రం రాలేదు

లుసాకా బాటసారి | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివిందే ఎక్కువ, రాసింది తక్కువ. ఇప్పుడు గత్యంతరం లేక రాస్తున్నాను.

జాంబియాలో ఆరేళ్ళు ఓ కంపెనీలో లెక్కలు చూశాను. వెళ్ళిన కొత్తలో ఓ శనివారం లుసాకా నుంచి కరీబా సరస్సు ఒడ్డునున్న సియవోంగాకి కారులో బయల్దేరాం. కొండలు దిగుతుంటే రోడ్డు పక్కన పెద్ద పెద్ద టవర్లు, 330 కేవీ లైను. జాంబెజీ నది మీది కరీబా ఆనకట్ట కరెంటు మోసేది ఆ లైనే. ఆ తీగల కింద బొగ్గు బస్తాలు పేర్చుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. చెట్లు కొట్టి కాల్చిన కట్టెబొగ్గు. పొద్దు గూకాక తిరిగొస్తుంటే అదే చోట గుడిసెల ముందు నెగళ్ళు తప్ప వెలుగు లేదు. వీళ్ళకి కరెంటు లేదా అని వెంట ఉన్న జాంబియా మిత్రుణ్ణి అడిగాను. "వీళ్ళు టోంగాలు. ఆ సరస్సు కింద ఉండేవాళ్ళు" అన్నాడు. నేనడిగినదానికి అది జవాబేనని బోధపడటానికి రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళూ దొరికిందల్లా చదివాను. 1955లో పని మొదలు, 1959కి గోడ పూర్తి. ఎత్తు 128 మీటర్లు. 1956లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్లు అప్పిచ్చింది, అప్పటికి ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో అదే పెద్దది. జాంబెజీ లోయలోంచి సుమారు 57,000 మంది టోంగాలని లేపేశారు. సరస్సులో పట్టే నీళ్ళు మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 6,350 టీఎంసీలు. శ్రీశైలం కట్టినప్పటి సామర్థ్యం 308. మీరే భాగించుకోండి.

ఉత్తర రొడీషియా వాళ్ళు (అంటే ఇప్పటి జాంబియా) కఫూయే నది మీద కట్టమన్నారు. వినలేదు. కరీబా కట్టి, మొదటి పవర్ హౌస్ దక్షిణం ఒడ్డున, దక్షిణ రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) వైపు పెట్టారు. ఉత్తరం ఒడ్డు పవర్ హౌస్ 1976లో గానీ రాలేదు. అప్పటికి జాంబియాకి స్వాతంత్ర్యం వచ్చి పన్నెండేళ్ళు.

చూశారా, ఇదే నా జబ్బు. నవల సంగతి చెబుదామని కూర్చుంటే అంకెలు వస్తాయి. 180 పేజీలు రాశాను. మా ఆవిడ చదివి "కథ ఎప్పుడు మొదలవుతుంది?" అంది. మొదలై వంద పేజీలైందని చెప్పడానికి నోరు రాలేదు. ఆఫ్రికా అభివృద్ధి అనే మాట పట్టుకుని పదేళ్ళుగా తిరుగుతున్నాను, దాన్ని కథ ఎలా చేయాలో తెలియడం లేదు. రాసేవాళ్ళెవరైనా దారి చెబుతారా?


కాకినాడ కబుర్లు | శనివారం, రాత్రి 9:40

బాటసారి గారూ, మీ ఆవిడ గారికి ముందుగా నా నమస్కారం అందజేయండి. ఇంట్లోనే ఎడిటరు ఉండగా మా దగ్గరికొచ్చారేటండీ.


వర్ధని | శనివారం, రాత్రి 10:25

మీ పోస్టులోనే మీకు కావలసింది ఉంది. నేను చదువుతూ ఆగింది 6,350 దగ్గర కాదు, "ఆ సరస్సు కింద ఉండేవాళ్ళు" అన్న మాట దగ్గర. ఆ మిత్రుడికి అది వింత మాట కాదు. మీకు వింత. కథ ఆ తేడాలో ఉంది.

ఇంతకీ మీ నవలలో ముఖ్యపాత్ర ఎవరు? తెలుగు అకౌంటెంటు అని మాత్రం చెప్పకండి.


లుసాకా బాటసారి | శనివారం, రాత్రి 10:31

తెలుగు అకౌంటెంటే.


వర్ధని | శనివారం, రాత్రి 10:33

అనుకున్నాను.


ఓరుగల్లు చదువరి | ఆదివారం, ఉదయం 7:05

అన్నా, నాకొక్క ముచ్చట సమజైతలేదు. మన దగ్గర ముంపు లేదా? ప్రాజెక్టుల కింద ఊర్లు పోలేదా? గది ఇడిసిపెట్టి జాంబియా దాకా ఎందుకు పోయినవ్? కోపంతోని అడుగుతలేను. ఆఫ్రికా అనంగనే మనోళ్ళు పులో సింహమో, లేకుంటే ఆకలో రాస్తరు. నువ్వు గట్ల రాయవని నీ పోస్టు చూస్తనే తెలుస్తంది. గని ఎందుకు అన్నది నీకు ఎరుకుండాలె గదా.

ఇంకోటి. కెన్యా రచయిత గూగీ వా థియాంగో రాసిన నవలను వరవరరావు సారు జైల్ల కూసోని 'మట్టికాళ్ల మహారాక్షసి' అని తెలుగు చేసిండు. గా నవలను గూగీ సుత జైల్లనే రాసిండు, కాయిదం లేక టాయిలెట్ పేపరు మీద, అదీ ఇంగ్లీషుల గాదు, తన గికూయు భాషల. మనకు ఆఫ్రికా గట్ల వచ్చింది, దోస్తు లెక్క. పులి లెక్క రాలే. గా తొవ్వల పోతే మంచిగుంటది.


లుసాకా బాటసారి | ఆదివారం, ఉదయం 9:50

చదువరి గారూ, మంచి ప్రశ్న. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

ఒకటి, నేను చూసింది అదే. మాది ముంపు లేని ఊరు. ప్రాజెక్టు నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, కాలవ కింద మూడో తరం. నాగార్జునసాగర్‌కి నెహ్రూ 1955 డిసెంబరులో శంకుస్థాపన చేశాడు, అదే ఏడు కరీబా పని మొదలైంది. మా ఇంట్లో సాగర్ అంటే దేవుడి గది. దాని కింద ఎవరున్నారని నేను ఎన్నడూ అడగలేదు. పరాయి దేశంలో అడిగాను. సిగ్గుగానే ఉంది, కానీ అదే నిజం.

రెండోది, టోంగాల సేద్యం. దాని గురించి తెలిశాక వదల్లేకపోయాను. జాంబెజీ ఏటా పొంగి తగ్గగానే ఒడ్డున మిగిలిన తడి ఒండ్రులో విత్తుకునేవాళ్ళు. వానకి మెట్ట మీద ఒక పంట, వరద తీశాక ఏటిగట్టున ఇంకో పంట. గోదావరి లంకల్లో మనవాళ్ళు చేసేది ఇదే కదా! జొన్న, సజ్జ, తర్వాత్తర్వాత మొక్కజొన్న. ఆ చేలు తల్లి వైపు నుంచి వచ్చే ఆస్తి, ఆడవాళ్ళకీ సొంత చేలుండేవి. అధికారుల లెక్కలో అది "వెనకబడిన వ్యవసాయం". ఏడాదికి రెండు పంటలు తీసే చేను తీసుకుని, వాన మీద ఆధారపడే రాతినేల ఇచ్చి, దాన్ని పునరావాసం అన్నారు.


నైరోబీ నర్సయ్య | ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేను కెన్యాలో ఉంటా. ఈ చర్చలో నాకు ఒక ఇబ్బంది ఉంది. అభివృద్ధి అనగానే అందరూ మునిగిన ఊరే రాస్తారు. ఇక్కడ 2007లో ఎం-పెసా వచ్చింది. పెసా అంటే డబ్బు, మన పైసాకి చుట్టమే. నైరోబీలో కాపలా పని చేసే కుర్రాడు పల్లెలో ఉన్న తల్లికి ఫోన్లో డబ్బు పంపుతాడు, ఆమె ఊరి కొట్టులో తీసుకుంటుంది. బ్యాంకు మొహం చూడని మనిషి! మన దేశంలో ఫోన్ చెల్లింపులు ఇంటింటికీ రావడానికి చాలా ముందు మాట. ఇప్పుడు రోజుకింత అని ఫోన్లోనే కట్టుకునే సోలార్ దీపాలు కూడా వచ్చాయి. ఇదీ అభివృద్ధే. దీని మీద నవల ఎందుకు రాదు? కష్టం ఉంటేనే సాహిత్యమా?


కాకినాడ కబుర్లు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

నర్సయ్య గారూ, సుఖంగా ఉన్నోడి మీద నవల రాస్తే మొదటి పేజీలో అయిపోద్దండి.


నైరోబీ నర్సయ్య | ఆదివారం, మధ్యాహ్నం 2:52

తల్లికి డబ్బు పంపే కొడుకు సుఖంగా ఉన్నాడని ఎవరన్నారు? పంపినట్టు మెసేజ్ వస్తుంది, తల్లి ఫోన్ చెయ్యదు. డబ్బు ముట్టిందని తెలిసిపోయింది కదా, ఇంక ఫోనెందుకు? ఇదివరకు డబ్బు ఇచ్చిన డ్రైవరు కబురు కూడా మోసుకొచ్చేవాడు. ఇప్పుడు కబురు లేదు. ఇది మా ఆఫీసు కాపలా అబ్బాయి నాతో అన్నమాటే.


వర్ధని | ఆదివారం, మధ్యాహ్నం 3:10

నర్సయ్య గారూ, మీరు రాయండి. నిజంగా అంటున్నాను. పై నాలుగు వాక్యాలు కథ.


నల్లమల పిల్లోడు | ఆదివారం, రాత్రి 8:30

నేను ఈడ ఎప్పుడూ రాయలే. బాటసారి అన్న "దాని కింద ఎవరున్నారని అడగలేదు" అన్నాడు సూడు, దానికోసం రాస్తాండా.

మాది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. 1981లో. నేను పుట్టలే అప్పటికి. మా జేజి చెప్పేది. పోవాలని నోటీసులొచ్చినా ఎవురూ నమ్మలేదంట. కృష్ణమ్మ కొండెక్కి ఇంటికొస్తాదా అని నవ్వుకున్యారంట. తర్వాత మనుషులొచ్చి ఇండ్లు పడగొట్టినారు. మా జేజి ద్వారబంధం పెరికించి బండికెత్తుకున్యాది. టేకు ద్వారబంధం, పసుపు కుంకుమ మరకలతో. కొత్త తావులో రేకుల కొట్టానికి అంత పెద్ద ద్వారబంధం పట్టలే. పద్దెనిమిదేండ్లు గోడకి ఆనిచ్చి పెట్టినారు. చెదలు పట్టకుండా ప్రతి ఏడూ ఉగాదికి నూనె పూసేది జేజి. ఇల్లు లేని ద్వారబంధం.

ఎండాకాలం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడతాది, పేపర్లలో ఫోటోలేస్తారు. గుడితో పాటు మా ఊరి గోడలూ బయటపడతాయి. వాటిని ఎవురూ ఫోటో తీయరు. నీళ్ళు దిగిన బురదలో మావాళ్ళు పోయి విత్తుతారు, మళ్ళా నీళ్ళొచ్చేలోపల కోసుకుంటారు. టోంగాలు చేసేది అదే అని నువ్వు రాస్తే నాకు ఒళ్ళు జలదరించింది అన్నా.

నువ్వు రాయి. జాంబియావోళ్ళ గురించే రాయి. చదివితే ఈడోళ్ళ గురించి అని మాకు తెలుస్తాది.


ఓరుగల్లు చదువరి | ఆదివారం, రాత్రి 8:58

తమ్మీ, నా ప్రశ్న నేను వాపస్ తీసుకుంటున్న.


డర్బన్ నాయుడు | సోమవారం, రాత్రి 11:20

నా తెలుగులో తప్పులు ఉంటే మన్నించండి. మాది ఐదో తరం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్‌కి వచ్చింది, చెరకు తోటల కూలీలతో. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో మావాళ్ళు వచ్చారు. ఇక్కడ 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది. తెలుగు నేను ఆదివారం బడిలో నేర్చుకున్నాను.

మీరందరూ ఆఫ్రికా అంటే వెళ్ళి వచ్చే చోటు అన్నట్టు రాస్తున్నారు. నాకు ఇది ఊరు. మా పెద్దలు ఇక్కడి భూమిలో ఉన్నారు. మా తోటలు కూడా ఎవరో అభివృద్ధి అనుకున్నారు, కూలీలని మాత్రం సంఖ్యలతో రాసుకున్నారు. మా ముత్తాత గారి కాగితం మీద పేరు కంటే నంబరు పెద్దగా ఉంది. అందుకే బాటసారి గారి అంకెల జబ్బు నాకు నచ్చలేదు. కానీ ఆయన దాన్ని జబ్బు అని ఒప్పుకున్నారు, అది నచ్చింది.

ఒక మాట. న్యామీ న్యామీ గురించి రాస్తారా?


లుసాకా బాటసారి | మంగళవారం, ఉదయం 6:45

నాయుడు గారూ, రాశాను. అధ్యాయం మొత్తం. పాము ఒళ్ళు, చేప తల ఉన్న నది దేవుడు. ఆనకట్ట ఆయన్నీ భార్యనీ విడదీసిందనీ, 1957, 58లలో వచ్చిన వరదలు ఆయన కోపమేననీ చెబుతారు. ఆ వరదలు పని మధ్యలో వచ్చి చాలా కొట్టుకుపోయాయి. కట్టడంలో 80 మందికి పైగా కూలీలు చనిపోయారు. సరస్సు నిండాక 1963లో ఆరు దాటిన భూకంపం. నీటి బరువుకి వచ్చిందని శాస్త్రజ్ఞులు, ఆయనే కదిలాడని జనం. నవలకి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.


డర్బన్ నాయుడు | మంగళవారం, రాత్రి 9:05

అదే భయపడ్డాను. విక్టోరియా జలపాతం దగ్గర ఆయన్ని లాకెట్ చేసి అమ్ముతారు. నేనూ ఒకటి కొన్నాను. టూరిస్టులకి దొరికే దేవుణ్ణి టూరిస్టే నవలలో పెడతాడు.


వర్ధని | మంగళవారం, రాత్రి 9:30

నాయుడు గారి మాటకి నా ఓటు. అయితే తీసెయ్యమనను. ఆయన్ని ఎవరు తలుచుకుంటున్నారు, ఎప్పుడు, ఏ పని మీద? వంట చేస్తూ ముసలామె అంటే ఒకలా ఉంటుంది, కథకుడు వెనక నిలబడి అంటే ఇంకోలా ఉంటుంది. మునిగిన ఊళ్ళలో వాళ్ళు రోజూ మొక్కుకున్న చోట్లు వేరే ఉండాలే?


లుసాకా బాటసారి | బుధవారం, రాత్రి 10:15

ఉన్నాయండి. మలెండే అంటారు. వాన కోసం మొక్కే చోట్లు, ఒక్కోసారి చిన్న గుడిసె, ఒక్కోసారి చెట్టు. పెద్దల ఆత్మలుండే చోటు. అవి ఊరితో పాటు మునిగాయి. గుడిని లారీ ఎక్కించి తీసుకెళ్ళలేరు కదా. నా 180 పేజీల్లో న్యామీ న్యామీకి ఒక అధ్యాయం, మలెండేకి ఒక వాక్యం. ఇప్పుడు లెక్క తిరగబడాలి.

వీటి గురించి తెలిసింది ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ అనే ఇద్దరు ఆంత్రోపాలజిస్టుల వల్ల. ఇద్దరూ 1956లో, నీళ్ళు రాకముందే ఆ ఊళ్ళకి వెళ్ళారు. తర్వాత దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. కోల్సన్ 2016లో 99 ఏళ్ళ వయసులో జాంబియాలోనే, మోంజేలో కన్నుమూశారు. నేను ఆరేళ్ళుండి అంతా తెలుసనుకున్నాను!

ఇక నాకు నిద్రపట్టనివ్వనిది ఇంకోటి. నీళ్ళు పెరుగుతుంటే చిక్కుకున్న జంతువులని కాపాడటానికి 'ఆపరేషన్ నోవా' అని పెట్టారు, వేలకొద్దీ జంతువులని పడవల్లో ఒడ్డుకి చేర్చారు. పత్రికలు తెగ రాశాయి. తప్పు పట్టను, జింక పిల్ల ఏం పాపం చేసింది. కానీ నీళ్ళు పెరగడానికి కాస్త ముందే, 1958 సెప్టెంబరులో, చిసోమో అనే ఊళ్ళో, కదలబోమన్న టోంగాల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఎనిమిది మంది పోయారు. వాళ్ళని లుసీతూ అనే చోటికి తరలించాక పిల్లలూ ఆడవాళ్ళూ ఏదో జబ్బుతో రాలిపోయారు. దీన్ని కోపంతో రాస్తే వ్యాసమవుతోంది, కోపం తీసేసి రాస్తే అబద్ధంలా ఉంటోంది.


నల్లమల పిల్లోడు | బుధవారం, రాత్రి 10:40

మా జేజి ఎప్పుడూ కోపంగా చెప్పలేదన్నా. ద్వారబంధానికి నూనె పూసుకుంటా చెప్పేది.


నైరోబీ నర్సయ్య | గురువారం, ఉదయం 8:20

బాటసారి గారూ, మీ కథ 1958లోనే ఆపుతారా? 2024 కరువులో జాంబియా అల్లాడిపోయింది కదా.


లుసాకా బాటసారి | గురువారం, రాత్రి 9:00

ఆపను. మీరు సోలార్ దీపం అన్నప్పటి నుంచి అదే తిరుగుతోంది బుర్రలో. జాంబియా కరెంటులో అప్పట్లో ఎనభై శాతానికి పైగా నీటిదే. 2024లో వానల్లేక కరీబా అడుగంటింది, ఫిబ్రవరిలో ప్రెసిడెంటు జాతీయ విపత్తు ప్రకటించాడు, ఆ ఏడు లుసాకాలో రోజుకి ఇరవయ్యొక్క గంటల దాకా కోత నడిచింది. మా పాత ఆఫీసువాళ్ళు జనరేటరు డీజిలు గోలలో ఉన్నారు. ఎన్నడూ కరెంటు లేని ఊళ్ళో కోత ఎలా ఉంటుంది? ఉండదు. మనవరాలు లుసాకా నుంచి ఫోన్ చార్జింగ్ కోసం నాయనమ్మ గుడిసెకి వస్తుంది. అక్కడ సోలార్ దీపం ఉంది. ముసలామె నవ్వుతుంది. నవల ఈ నవ్వుతో మొదలవ్వాలి.

అకౌంటెంటుని తీసేశాను.


ఓరుగల్లు చదువరి | గురువారం, రాత్రి 9:12

పాపం అకౌంటెంటు.


వర్ధని | గురువారం, రాత్రి 9:20

నాయనమ్మా, అమ్మమ్మా? వంశం తల్లి వైపు నుంచి అన్నారు కదా మీరే. అమ్మమ్మ అయితే చేను కథ కూడా ఆమెతోనే వస్తుంది.


లుసాకా బాటసారి | గురువారం, రాత్రి 9:24

అమ్మమ్మే. తెలుగు అలవాటులో రాసేశాను. మీకు దణ్ణం.


లుసాకా బాటసారి | ఆదివారం, ఉదయం 5:50

రాత్రి కూర్చుంటే వచ్చింది. మొత్తం పెట్టను, ఓ ముక్క. ముసలామె పేరు ముటింటా. వరసగా మగపిల్లల తర్వాత పుట్టిన ఆడపిల్లకి పెట్టే పేరు. నల్లమల తమ్ముడూ, నీ అనుమతి అడగకుండా మీ జేజి ద్వారబంధాన్ని ఇంకో రూపంలో వాడుకున్నాను. వద్దంటే తీసేస్తాను.

"లారీ వాడు మా అమ్మ విసురురాయి దింపెయ్యమన్నాడు. అక్కడ రాళ్ళు బోలెడున్నాయి, బరువెందుకు అన్నాడు. అమ్మ దింపలేదు. దాని మీదే కూర్చుంది. దారంతా అందరం కక్కుకుంటూనే ఉన్నాం, అమ్మ కక్కలేదు. లుసీతూలో దిగాక వాడు చెప్పింది నిజమే, ఎటు చూసినా రాళ్ళే. అమ్మ తన రాయిని వాటి మధ్య పెట్టలేదు. చెట్టు కింద వేరేగా పెట్టి, చుట్టూ ఊడ్చింది. ఆ రోజు నూరడానికి మా దగ్గర గింజ లేదు."

"ముటింటా మనవరాలి చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళింది. నిండు పున్నమి. నీళ్ళ మీద కపెంటా పడవల దీపాలు వరసగా వెలుగుతున్నాయి. ఆ ఎడమ మూల దీపం ఉందే, అంది ముటింటా, దాని కింద మా అమ్మ జొన్నచేను."


నల్లమల పిల్లోడు | ఆదివారం, ఉదయం 7:30

తీయద్దు అన్నా.


కాకినాడ కబుర్లు | ఆదివారం, ఉదయం 8:10

బాటసారి గారూ, ఎప్పుడూ వేళాకోళమే గానీ ఈసారి నిజం మాట. కపెంటా అంటే మన నెత్తళ్ళ లాంటి చిన్న చేపే కదండీ?


లుసాకా బాటసారి | ఆదివారం, ఉదయం 8:25

అవునండి. టాంగన్యీకా సరస్సు నుంచి తెచ్చి 1967, 68లలో కరీబాలో వదిలారు. రాత్రిళ్ళు దీపాలు పెట్టి పడతారు, ఎండబెట్టి అమ్ముతారు. న్షీమా అని మన సంకటి లాంటిది వండుకుంటారు కదా, దాంట్లోకి నంజుకుంటారు.


కాకినాడ కబుర్లు | ఆదివారం, ఉదయం 8:41

అయితే మీ పున్నమి తప్పండి. మాది వేటకెళ్ళే ఇల్లు. దీపానికి చేప రావాలంటే చుట్టూ చీకటుండాలి. నిండు వెన్నెల్లో నీళ్ళన్నీ తెల్లగా ఉంటే మీ దీపం దగ్గరికి అది ఎందుకొస్తాది? ఎక్కడైనా ఇంతే, ఏ సరస్సైనా ఇంతే. పున్నమికి ఆ పడవలు ఒడ్డునే ఉంటాయి.


లుసాకా బాటసారి | ఆదివారం, ఉదయం 9:02

నిజమే! పున్నమి వారం వాళ్ళు వేటకి వెళ్ళకపోవడం సియవోంగాలో నా కళ్ళతో చూశాను. వెన్నెల బాగుంటుందని పెట్టేశాను. అమావాస్య చేస్తాను. అప్పుడు ఆమెకి నీళ్ళు కనపడవు కదా, దీపాలొక్కటే కనపడతాయి. ఎడమ మూల ఏదో ఎలా గుర్తుపడుతుందో ఆలోచించుకోవాలి.